అతిశయోక్తికి ఆధారం: ఒనోరే దోమియే వ్యంగ్యచిత్రాలు

మన ఆలంకారికులలో ఒక పాత వివాదం ఉన్నది. దండి తన కావ్యాదర్శంలో స్వభావోక్తిని మొట్టమొదటి అలంకారంగా పరిగణించాడు. భామహుడు వక్రోక్తి లేని అలంకారమే లేదన్నాడు. అతిశయోక్తిలో ఆ వక్రత నిండుగా కనిపిస్తుందని ఆయన మతం. తరువాత వచ్చిన కుంతకుడు స్వభావోక్తిని అలంకారాల వరుసలో నుండి తొలగించాడు. వస్తువు యొక్క స్వభావం అలంకార్యమే గాని అలంకారం కాదని ఆయన సిద్ధాంతం. ఈ చర్చ కావ్యానికి సంబంధించినదే అయినా, వ్యంగ్యచిత్రాన్ని ఎదుట పెట్టుకొని చదివితే దానికి కొత్త అర్థం స్ఫురిస్తుంది.

వ్యంగ్యచిత్రమంటే ముక్కును సాగదీయడం, పొట్టను పెంచడం, తలను గుమ్మడికాయ చేయడం అని సామాన్యంగా అనుకుంటాము. అంటే అది కేవలం అతిశయోక్తి అని మన భావం. మనిషిని మనిషిగా గీయలేనివాడే ఆ దారి పడతాడన్న చిన్నచూపు కూడా దీనికి తోడుగా ఉన్నది. 19వ శతాబ్దపు ఫ్రెంచి చిత్రకారుడు ఒనోరే దోమియే జీవితకృషిని పరిశీలిస్తే ఈ అభిప్రాయం నిలువదు. ఆయన సుమారు 40 సంవత్సరాలపాటు పత్రికలకు వ్యంగ్యచిత్రాలు గీశాడు. రాతిమీద గీసి అచ్చువేయించినవే దాదాపు 4,000. అవి నేటికీ నిలిచి ఉండడానికి కారణం వాటిలోని వికృతి కాదు. ఆ వికృతికి అడుగున చెక్కుచెదరకుండా ఉన్న మానవదేహ పరిజ్ఞానం. కుంతకుని పరిభాషలో చెప్పాలంటే, అలంకార్యం క్షుణ్ణంగా తెలిసినవాడు గనుకనే ఆయన అలంకారం పండింది.

దోమియే 1808లో మార్సే నగరంలో జన్మించాడు. తండ్రి కిటికీలకు అద్దాలు బిగించే పనివాడు. కాని ఆయన మనస్సంతా కవిత్వం మీదనే. కవిగా పేరు తెచ్చుకోవాలని పారిస్ చేరాడు. 1816లో కుటుంబం ఆయనను కలుసుకున్నది. కవిత్వం అన్నం పెట్టలేదు. కొడుకు చిన్నతనంలోనే కొలువులో చేరవలసివచ్చింది. మొదట ఒక కోర్టు అమీనా దగ్గర కాగితాలు మోసే కుర్రవాడు. తరువాత పాలే రోయాల్‌లోని ఒక పుస్తకాల దుకాణంలో గుమాస్తా. ఈ కొలువులు వృథా కాలేదు. న్యాయస్థానపు మెట్లమీద నల్లని గౌను ఎగరేసుకుంటూ దిగివచ్చే వకీలును, గోడవార ఒదిగి నిలబడే కక్షిదారును అమీనా కుర్రవాడు చూచినంత దగ్గరగా ఏ చిత్రకళాశాల విద్యార్థీ చూడలేడు. 1845–48 మధ్య వెలువడిన ఆయన న్యాయవాదుల చిత్రమాలలో వకీళ్ళ ముఖాల కంటె వారి భుజాలు, మోచేతులు, విసిరిన గౌను చేతులు ఎక్కువగా వాదిస్తాయి.

చదువు విషయానికి వస్తే, ఆయనకు తొలి గురువు అలెక్సాంద్ర్ లెనువార్. ఆ కాలపు పద్ధతి ప్రకారం శిష్యుడు ప్లాస్టరు బొమ్మల ముక్కులను, చెవులను ముందుంచుకొని నెలల తరబడి నకలు చేయాలి. దోమియేకు అది రుచించలేదు. లూవ్ర్ ప్రదర్శనశాలకు పోయి ప్రాచీన శిల్పాలను గీసేవాడు. తరువాత స్విస్ అనే ఆయన నడిపే చిత్రశాలకు వెళ్ళాడు. ఈ స్విస్ పూర్వం తానే చిత్రకారులకు మోడల్‌గా నిలబడినవాడు. అక్కడ గురువు లేడు, పాఠం లేదు, పరీక్ష లేదు. కొద్దిపాటి రుసుము చెల్లిస్తే ఎదుట ఒక సజీవమైన మనిషి నిలబడి ఉంటాడు. ఎవరి శక్తి కొలది వారు గీసుకోవచ్చును. తరువాతి కాలంలో కూర్బే, సెజాన్, మోనే వంటివారు ఆ చిత్రశాలలోనే అభ్యాసం చేశారు.

మోడల్‌ను చూచి దేహాన్ని గీయడం అనే ఈ అభ్యాసంలో నేర్చుకునేది అందం కాదు, బరువు. మనిషి ఒక కాలిమీద బరువు మోపి నిలబడితే ఆ వైపు నడుము పైకి లేస్తుంది. దానికి సరిపోయేట్టు భుజం కిందికి వాలుతుంది. మెడ ఆ వంపును సర్దుకుంటుంది. మన శిల్పులు ఆభంగమనీ, త్రిభంగమనీ పేరు పెట్టుకున్నది ఈ దేహధర్మానికే. ఇది తెలిసినవాడు దేహంలో ఒక అవయవాన్ని కదిపితే తక్కినవన్నీ ఏ విధంగా కదలుతాయో చెప్పగలడు. తెలియనివాడు పొట్టను పెంచితే అది మనిషికి కట్టిన మూట వలె ఉంటుంది. తెలిసినవాడు పొట్టను పెంచితే, దానిని మోయడానికి వీపు వెనక్కు వంగుతుంది, పాదాలు ఎడమవుతాయి, గడ్డం పైకి లేస్తుంది. అప్పుడు అది పొట్ట కాదు. ఒక మనిషి శీలం.

ఆ తరువాత దోమియే లిథోగ్రఫీ నేర్చుకున్నాడు. చదునైన సున్నపురాతి పలకమీద కొవ్వు కలిసిన నల్లని క్రేయానుతో బొమ్మ గీస్తారు. రాతిని తడిపి సిరా పూస్తే, నీరు తాగిన చోట సిరా అంటదు. కొవ్వు గీత మాత్రమే సిరాను పట్టుకుంటుంది. కాగితాన్ని దానిమీద వేసి ఒత్తితే బొమ్మ కుడియెడమలు తారుమారై అచ్చవుతుంది. రాతిమీద తప్పును చెరపడం సులభం కాదు. పత్రికకు గడువు ఉన్నది. బొమ్మ అందకపోతే పుట ఖాళీ. చిత్రకారునికి ముట్టేది రాయికి ఇంత అన్న లెక్కన వచ్చే కూలి. బొమ్మ కింది మాటలు తరచుగా మరొకరు వ్రాసేవారు. దోమియే వృత్తి ఇది. ప్రేరణ కోసం ఎదురుచూచే అవకాశం ఇందులో లేదు. రేపటి రాయి ఎప్పుడూ బల్లమీద ఉంటుంది.

1830 జూలై విప్లవం తరువాత లూయీ ఫిలిప్ రాజైనాడు. ఆ సంవత్సరమే షార్ల్ ఫిలిపోన్ ‘లా కారికత్యూర్’ అనే వారపత్రికను ప్రారంభించాడు; 1832లో ‘ల షారివారి’ అనే దినపత్రికను వెలువరించాడు. దోమియే మొదటిదానిలో ప్రవేశించి రెండవదానిలో జీవితమంతా గడిపాడు. 1831 చివర ఆయన గీసిన ‘గార్గాంత్యువా’ అనే చిత్రంలో రాజు రబెలే కథలోని మహాకాయుడై కూర్చున్నాడు. బీదప్రజల నాణేలు బుట్టలలో నిచ్చెన వంటి పలక మీదుగా ఆయన నోటిలోకి పోతున్నాయి. ఈ చిత్రానికి 6 నెలల జైలుశిక్ష పడింది. 1832 ఆగస్టు నుండి దోమియే దానిని అనుభవించాడు. కాని చిత్రంగా ‘గార్గాంత్యువా’ ఆయన గొప్ప రచనలలోనిది కాదు. అందులో ఉన్నది ఊహ, దేహం లేదు. రాజు బరువు కుర్చీమీద పడడం లేదు. శిక్ష తెచ్చినంత మాత్రాన చిత్రం గొప్పది కాదన్న సంగతి వ్యంగ్యరచనను అంచనా కట్టేవారు మరువరాదు.

అసలు మార్పు మట్టిలో జరిగింది. ఆ సంవత్సరాలలోనే దోమియే శాసనసభ్యుల తలలను చిన్నచిన్న మట్టిబొమ్మలుగా మలచి రంగులు వేశాడు. కాల్చని ఆ మట్టితలలు 36 నేటికీ పారిస్‌లోని ఓర్సే ప్రదర్శనశాలలో ఉన్నాయి. సభలో చూచిన ముఖాన్ని ఆయన చేతివేళ్ళతో జ్ఞాపకం పెట్టుకున్నాడన్నమాట. కాగితంమీద ముక్కుకు ఒక పక్కనే గీస్తాము. మట్టిలో ముక్కు చుట్టూ తిరిగి రావాలి. అందువలన 1834 నాటి ‘శాసనోదరం’ అనే పెద్ద చిత్రంలో వంపు తిరిగిన బల్లల వరుసలలో కూర్చున్న సభ్యులు వట్టి రేఖలు కారు. కునుకు తీసే మెడకు ఎంత బరువున్నదో, కుర్చీలో జారిన నడుముకు ఎంత సోమరితనమున్నదో కంటికి తెలుస్తుంది. ‘గార్గాంత్యువా’ రాజును తిట్టింది. ‘శాసనోదరం’ ఒక పాలనను చూపింది. తిట్టుకూ, చూపడానికీ గల అంతరమే ఆ మూడేండ్ల అభ్యాసఫలం.

అదే సంవత్సరం ఏప్రిలు 15వ తేదీన పారిస్‌లోని ట్రాన్స్‌నోనేన్ వీధిలో ఒక ఇంటిలోకి సైనికులు చొరబడి నివాసులను చంపారు. ఆ సంఘటనపై దోమియే గీసిన చిత్రంలో హాస్యం లేదు, అతిశయోక్తి అంతకంటె లేదు. రాత్రి అంగీతో ఒక మనిషి మంచాన్ని ఆనుకొని నేలమీద ఒరిగి ఉన్నాడు. ఆయన దేహం కింద ఒక పసిబిడ్డ నలిగి ఉన్నది. నీడలో ఒక స్త్రీ, కుడివైపు అంచున ఒక వృద్ధుని తల. కుర్చీ ఒకటి పడిపోయి ఉన్నది. ఆ గదిలో కదిలేది ఏదీ లేదు. అధికారులు ఆ రాతిని, చేజిక్కిన ప్రతులను స్వాధీనం చేసుకున్నారు.

విష్ణుధర్మోత్తరంలోని చిత్రసూత్రం ఉత్తమ చిత్రకారుని లక్షణాలను చెబుతూ, నిద్రించే వానిలో చైతన్యాన్ని, మృతునిలో చైతన్యరాహిత్యాన్ని చూపగలగడాన్ని వాటిలో చేర్చింది. వినడానికి ఇది చిన్న విషయం. కాని పడుకున్న రెండు దేహాలలో ఏది నిద్రలో ఉన్నది, ఏది మరణించింది అన్న భేదాన్ని రేఖతో చూపడానికి ఎంతటి దేహజ్ఞానం కావాలో దోమియే చిత్రం చూస్తే అర్థమవుతుంది. నిద్రించే దేహం తన్ను తాను సర్దుకుంటుంది. మరణించిన దేహం పడినచోట పడి ఉంటుంది. ఆ అంగీలోని మనిషి మెడ, తెరచుకొన్న కాళ్ళు ఇక ఎన్నడూ సర్దుకోవు. ముక్కులు సాగదీసే వ్యంగ్యచిత్రకారుడు ఒకనాడు ముక్కు సాగదీయరాని దృశ్యం ఎదురైనప్పుడు ఏం చేయగలడన్నది అతనికి అసలైన పరీక్ష. దోమియే ఆ పరీక్షలో నెగ్గాడు. స్వభావోక్తి చేతనైనవాడు గనుక నెగ్గాడు.

1835 సెప్టెంబరు చట్టాలతో చిత్రాలకు ముందస్తు తనిఖీ వచ్చింది. రాజకీయ వ్యంగ్యం అసాధ్యమైంది. ‘లా కారికత్యూర్’ మూతపడింది. దోమియే సమాజం వైపు తిరిగాడు. 1836–38 మధ్య వెలువడిన ‘రొబేర్ మకేర్’ చిత్రాలు 100. రంగస్థలం మీద ఫ్రెదెరిక్ లెమేత్ర్ అనే నటుడు ప్రసిద్ధం చేసిన ఈ మోసగాడు దోమియే చేతిలో కంపెనీ వాటాల వ్యాపారి, వకీలు, వైద్యుడు, పత్రికాధిపతి — కొత్త కాలపు ప్రతి కొత్త వృత్తినీ ధరించినాడు. తెలుగు పాఠకునికి గిరీశం గుర్తుకు రావడం సహజం. గురజాడ కన్యాశుల్కం తొలికూర్పు 1897లోను, మలికూర్పు 1909లోను వెలువడినవి. ఇద్దరు రచయితలకూ పరస్పర సంబంధం లేదు. అయినా సంస్కరణ, పురోగతి వంటి మాటలు కొత్తగా చెలామణిలోకి వచ్చిన సమాజంలో ఆ మాటలనే పెట్టుబడిగా పెట్టి బ్రతికే మనిషిని ఇద్దరూ పట్టుకున్నారు. గురజాడకు సాధనం ఆ మనిషి మాటతీరు. దోమియేకు అతని నిలుపు. మకేర్ ఛాతీ ఎప్పుడూ దేహం కంటె ముందు నడుస్తుంది. టోపీ పక్కకు వాలి ఉంటుంది. చేయి తన గుండెమీదనో, ఇతరుల జేబు దగ్గరనో ఉంటుంది. ఆ నిలుపును తీసివేస్తే మకేర్ లేడు.

‘స్నానార్థులు’ (1839–42), ‘ప్రాచీన చరిత్ర’ (1841–43) అనే చిత్రమాలలు మన విషయానికి మరింత సన్నిహితమైనవి. చిత్రశాలలో నగ్నదేహమంటే గ్రీకు శిల్పాల కొలతలకు ఒదిగిన దేహం. దోమియే సేన్ నదిలో స్నానానికి వచ్చిన పారిస్ గృహస్థుల బట్టలు విప్పించాడు. ఎముకలు తేలిన భుజాలు, జారిన పొట్టలు, చలికి ముడుచుకొన్న మోకాళ్ళు బయటపడ్డాయి. రెండవ చిత్రమాలలో సాక్షాత్తు గ్రీకు పురాణ నాయకులకే ఆ దేహాలు తొడిగాడు. ఇది శాస్త్రీయ దేహరేఖనం మీద ఎగతాళి కాదా అని అడగవచ్చును. అవును, ఎగతాళియే. కాని పద్యం నడక తెలియనివాడు పేరడీ వ్రాయలేడు. ఆదర్శదేహం ఏ చోట ఎట్లా వంగుతుందో చేతికి తెలిసి ఉంటేనే, ఆ చోటనే ఆ వంపును తప్పించి నవ్వించడం సాధ్యమవుతుంది.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చును. దోమియే తన వ్యంగ్యచిత్రాలకు మోడళ్ళను పెట్టుకొని గీయలేదు గదా. జ్ఞాపకంతోనే గీశాడు గదా. అట్లయిన పక్షంలో చిత్రశాల అభ్యాసానికి అంత ప్రాధాన్యం ఎందుకు? ఆయన జ్ఞాపకశక్తియే ఆయనకు మోడల్ అన్న భావాన్ని 1857లో ప్రకటించిన వ్యాసంలో బోదెలేర్ కూడా వెల్లడించాడు. ఈ మాట సత్యమే గాని, ఆక్షేపణకు బలం చేకూర్చదు. జ్ఞాపకం ఏమీ లేని చోట పుట్టదు. వ్యాకరణం వచ్చినవాడు మాట్లాడేటప్పుడు సూత్రాలు వల్లించడు. అంతమాత్రాన వ్యాకరణం అనవసరమని ఎవరూ అనరు. ఎదుట నిలబడిన మనిషిని వందలసార్లు గీసిన చేయి, ఆ మనిషి లేనప్పుడు కూడా అతని బరువును మరచిపోదు. పత్రికా గడువులో మోడల్‌ను పిలిపించే వ్యవధి ఉండదు గనుక, ఆ అభ్యాసం ముందే రక్తంలో కలిసిపోయి ఉండాలి.

మరొక విచారం తరచు వినబడుతుంది: పత్రికలు దోమియేను తినివేశాయనీ, లేకుంటే ఆయన మహాచిత్రకారుడు అయ్యేవాడనీ. దీనిలో కొంత నిజం ఉన్నది. 1848 విప్లవం తరువాత ప్రభుత్వం గణతంత్ర ప్రతిమ కోసం పోటీ పెట్టింది. దోమియే పంపిన నమూనాలో దృఢకాయురాలైన ఒక తల్లి కూర్చుని ఇద్దరు బిడ్డలకు పాలిస్తున్నది. మూడవ బిడ్డ పాదాల చెంత చదువుకుంటున్నాడు. ఎంపికైన కొద్దిమందిలో ఆయన ఉన్నాడు; కాని పెద్ద చిత్రం పూర్తి చేయలేదు. నమూనా మాత్రమే మిగిలింది. 1862–64 ప్రాంతపు ‘మూడవ తరగతి పెట్టె’ చిత్రం న్యూయార్కు మెట్రోపాలిటన్ ప్రదర్శనశాలలో ఉన్నది. చిన్న చిత్తుబొమ్మను పెద్దది చేయడానికి గీసుకొన్న చదరపు గళ్ళు రంగుల అడుగున నేటికీ కనిపిస్తాయి. అదీ అసంపూర్తియే. రాళ్ళమీద పని ముగించుకొని తైలచిత్రం దగ్గరకు వచ్చేసరికి పగలు మిగిలేది కాదేమో అనిపిస్తుంది.

అయినా ఈ విచారం పూర్తిగా సరియైనది కాదు. 1860లో ‘ల షారివారి’ ఆయనను తొలగించింది. 1864 నాటికి మళ్ళీ చేర్చుకున్నది. ఈ నడిమి కాలపు చిత్రాలలో ‘చాకలి స్త్రీ’ ఒకటి. సేన్ నది ఒడ్డు మెట్లు ఎక్కుతున్న స్త్రీ ఒక చంకలో బట్టల మూట పెట్టుకొని, రెండవ చేతితో పసిబిడ్డ చేయి పట్టుకున్నది. మూట వైపు ఆమె దేహం ఒరగలేదు. బిడ్డ వైపు ఒరిగింది. ముఖం స్పష్టంగా లేదు. ఉండవలసిన పని లేదు. ఈ ఒరుగును ఏ చిత్రశాలా నేర్పలేదు. వేలకొలది రాళ్ళమీద వేలకొలది దేహాలను గడువు లోపల నిలబెట్టిన చేయి మాత్రమే ఇంత తక్కువ గీతలతో ఇంత బరువును చెప్పగలదు. పత్రిక ఆయన దగ్గర వ్యవధిని తీసుకున్నది. మారుగా సంక్షిప్తతను ఇచ్చింది. ఈ బేరంలో ఆయన నష్టపోయినది నిజం. మనం నష్టపోయామని చెప్పడం కష్టం.

వ్యంగ్యరచనలను అనువదించేవారికి ఒక సంగతి అనుభవంలోనిదే. తరం మారగానే పేర్లు మాసిపోతాయి. సమకాలీన ప్రస్తావనలకు పుట అడుగున వివరణలు వ్రాయవలసి వస్తుంది. వివరించిన హాస్యం హాస్యంగా మిగలదు. దోమియే బొమ్మల కింది మాటలకూ ఇదే గతి పట్టింది. ఆ మంత్రులెవరో, ఆ బిల్లులేమిటో నేటి ఫ్రెంచి పాఠకునికే తెలియవు. కాని కునుకు తీసే సభ్యుని మెడకు వివరణ అక్కరలేదు. ఏ భాషలోకీ అనువాదం అక్కరలేదు. మన వ్యంగ్యసాహిత్యానికి దీనిలో ఒక హెచ్చరిక ఉన్నది. వ్యక్తి పేరును ఆశ్రయించిన అవహేళన ఆ పేరుతోనే పోతుంది. మనిషి నిలుపును, నడకను, మాటతీరును పట్టుకొన్నది మిగులుతుంది. పానుగంటివారి సాక్షి వ్యాసాలలో జంఘాలశాస్త్రి నేటికీ మన ఎదుట నిలబడి ఉపన్యసించగలుగుతున్నాడంటే, ఆయన ఖండించిన దురాచారాలన్నీ నేటికీ ఉన్నందువలన మాత్రమే కాదు. ఆయనకు గొంతు, ఊపిరి, ఆవేశం ఉన్నందువలన.

మన దేశపు వ్యంగ్యచిత్ర చరిత్ర కూడా ఈ మాటనే బలపరుస్తుంది. గగనేంద్రనాథ్ ఠాగూరు (1867–1938) సైతం శిలాముద్రణనే సాధనంగా గ్రహించి 1917లో ‘అద్భుత లోక్’, ‘విరూప్ వజ్ర’ అనే చిత్రసంపుటాలను వెలువరించాడు. విదేశీ వేషానికి లొంగిన వంగదేశపు బాబులు వాటిలో ప్రధాన పాత్రలు. ఆర్. కె. లక్ష్మణ్ (1921–2015)కు బొంబాయిలోని జె. జె. చిత్రకళాశాల ప్రవేశం నిరాకరించింది. అయినా చిన్ననాటి నుండి కంటబడిన ప్రతి వస్తువునూ గీస్తూ, ముఖ్యంగా కాకులను గీస్తూ, ఆయన తనకు తానే చిత్రశాల అయినాడు. 1951 నుండి ఆయన చిత్రాలలో నిలబడిన గళ్ళకోటు సామాన్యుడు మాట్లాడడు. మాట్లాడేవారు చుట్టూ ఉన్నారు. ఆ కొద్దిగా వంగిన భుజాలు, వెనుకకు జారిన చేతులు, కనుబొమల కింద విస్మయం — ఇవే ఆయన వాక్కు. కింది వాక్యం మరచిపోయినా ఆ నిలుపు గుర్తుంటుంది.

దోమియే చివరి శిలాచిత్రాలు 1872 నాటివి. ఆ తరువాత కంటిచూపు మందగించింది. వాల్మొందువా గ్రామంలోని చిన్న ఇంటిలో శేషజీవితం గడిచింది. 1878లో మిత్రులు, విక్టర్ హ్యూగో అధ్యక్షతన, పారిస్‌లో ఆయన తైలచిత్రాలను ప్రదర్శించారు, డబ్బు రాలేదు. 1879 ఫిబ్రవరిలో ఆయన మరణించాడు. తరువాత తరం మాత్రం గ్రహించింది. దెగా ఆయన శిలాచిత్రాలను పెద్దయెత్తున సేకరించాడు. వాన్ గో 1890లో ఆయన ‘తాగుబోతులు’ చిత్రాన్ని తన రంగులలో తిరిగి వేశాడు. వీరిద్దరూ వ్యంగ్యచిత్రకారులు కారు, మానవదేహాన్ని అభ్యసించినవారు. వారికి దోమియేలో కనిపించినది హాస్యం కాదు, పాఠం.

కనుక దండి, కుంతకుల వివాదానికి ఈ చిత్రకారుడు తన రీతిలో ఒక సమాధానం చెప్పాడనవచ్చును. స్వభావోక్తి అలంకారమా, అలంకార్యమా అన్నది శాస్త్రం తేల్చుకోవలసిన విషయం. కాని అది చేతగానివాని అతిశయోక్తికి కాలు నిలిచే నేల ఉండదు. వ్యంగ్యచిత్రకారుడైనా, వ్యంగ్యరచయిత అయినా, మనిషిని వంచడానికి ముందు అతడు ఎట్లా నిలబడతాడో నేర్చుకోవలసి ఉన్నది.